డ్యామ్ కోసం కట్టిన ఊరు ఊరివాళ్ళ చేతికి ఎలా వచ్చింది: బౌల్డర్ సిటీ కేస్ స్టడీ

నెవాడా రాష్ట్రంలో భూమి దాదాపు 80 శాతం ఫెడరల్ గవర్నమెంట్‌ది. మన దగ్గర గవర్నమెంట్ ల్యాండ్ అంటే రాష్ట్ర రెవెన్యూ వాళ్ళది, తహసీల్దార్ ఆఫీసు, కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగితే ఏదో ఒక రోజు ఫైల్ కదులుతుంది అనుకుంటాం కదా, ఇక్కడ అలా కాదు, ఊరి చివర ఉన్న ఖాళీ నేల మీద రాష్ట్ర గవర్నర్‌కి కూడా హక్కు లేదు, శ్మశానానికి నాలుగు ఎకరాలు కావాలన్నా బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌కి, అంటే బీఎల్ఎంకి అప్లికేషన్ పెట్టుకోవాలి, పెద్ద ముక్క కావాలంటే వాషింగ్టన్‌లో ఏకంగా చట్టమే చేయించుకోవాలి. నేను హైదరాబాద్‌లో ప్లానింగ్ చదివి ఇక్కడికి వచ్చి చిన్న చిన్న ఊళ్ళకి ల్యాండ్ కన్సల్టెంట్‌గా పని చేస్తున్నా, ఎక్కువగా ఇలాంటి ఫైళ్ళే. ఇండియాలో మున్సిపల్ ప్లానింగ్‌లో ఉన్న జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, అక్కడ ఫెడరల్ వాళ్ళు సిటీకి భూమి ఫ్రీగా ఇచ్చేస్తారంట కదా" అని అడుగుతూ ఉంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పలేను, అందుకే ఒక ఊరి కథ మొత్తం రాస్తున్నా. ఈ కేసులో నా ప్రమేయం ఏమీ లేదు, అసలు అప్పగింత నేను పుట్టక ముందే జరిగింది, కానీ నా దగ్గరికి ఏ కొత్త ఊరు వచ్చినా ముందు వాళ్ళకి చెప్పేది ఈ కేసే.

ఊరి పేరు బౌల్డర్ సిటీ. లాస్ వేగాస్‌కి దగ్గర్లోనే, హూవర్ డ్యామ్ చూడటానికి వెళ్ళే మనవాళ్ళందరూ దాటి వెళ్ళే ఊరే, కాకపోతే చాలామంది ఆగరు. 1928లో బౌల్డర్ కాన్యన్ ప్రాజెక్ట్ చట్టం వచ్చాక కొలరాడో నది మీద డ్యామ్ కట్టడానికి వేలమంది పనివాళ్ళు కావాలి, అక్కడ చూస్తే ఎడారి, నీడ కూడా లేదు. దాంతో బ్యూరో ఆఫ్ రెక్లమేషన్, అంటే ఫెడరల్ నీటి ప్రాజెక్టుల డిపార్ట్‌మెంట్ (ఇక మీద బ్యూరో అంటే ఇదే, బీఎల్ఎం వేరు), 1931లో ఒక ఊరినే కట్టేసింది, డెన్వర్ నుంచి డిబోయర్ అనే ప్లానర్‌ని పెట్టుకుని వీధులు, పార్కులు గీయించి మరీ. స్థలం ఫెడరల్‌ది, ఇళ్ళు కొన్ని బ్యూరోవి, కొన్ని సిక్స్ కంపెనీస్ అనే కాంట్రాక్టర్ల గుంపువి, రోడ్డు, పైపు, స్తంభం అన్నీ ఫెడరల్‌వే. ఊళ్ళోకి రావాలంటే గేటు దగ్గర పర్మిట్ చూపించాలి. మందు లేదు, జూదం లేదు. సిమ్స్ ఎలీ అని ఒక మేనేజర్‌ని పెట్టారు, ఎవరు ఊళ్ళో ఉండాలి ఎవరు పోవాలి అనేది ఆయన చెప్పిందే వేదం. నల్లజాతి పనివాళ్ళని ముందు డ్యామ్ పనిలోకే తీసుకోలేదు, తర్వాత గొడవ అయ్యి కొద్దిమందిని తీసుకున్నా ఊళ్ళో మాత్రం ఉండనివ్వలేదు. ఈ ఊరిని మోడల్ టౌన్ అని పొగిడే రాతలు చాలా ఉన్నాయి, వాటిల్లో ఈ ముక్క కనపడదు, నాకు మాత్రం చెప్పకుండా దాటడం ఇష్టం లేదు, ఎందుకంటే ల్యాండ్ ఎవరి పేరు మీద ఉంటే ఎవరు అక్కడ బతకొచ్చో కూడా వాళ్ళే తేలుస్తారు అనేదానికి ఇంతకన్నా సాక్ష్యం వేరే అక్కర్లేదు.

1935లో డ్యామ్ ప్రారంభం అయ్యింది, పనివాళ్ళు వెళ్ళిపోయారు, ఊరు మాత్రం పోలేదు. డ్యామ్ నడిపేవాళ్ళు, బ్యూరో ఆఫీసులు, పార్క్ సర్వీస్ వాళ్ళు, షాపులవాళ్ళు ఉండిపోయారు. అసలు సమస్య అక్కడ మొదలైంది. తాత్కాలికంగా కట్టిన ఊరు పర్మనెంట్ అయిపోయింది, కానీ ఎన్నికైన కౌన్సిల్ లేదు, మేయర్ లేడు, షాపు పెట్టుకున్నాయన కింద నేల లీజుది, ఇల్లు కట్టుకున్నావిడ కింద నేల లీజుది, చెత్త తీయించడం దగ్గర్నుంచి అన్నీ ఒక నీటి ప్రాజెక్టుల డిపార్ట్‌మెంట్ చూడాలి. వాషింగ్టన్‌లో బడ్జెట్ చూసేవాళ్ళకి ఇది ఏటా ఎదురయ్యే తలనొప్పి.

నాగార్జునసాగర్ చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. 1955లో ప్రాజెక్టుకి శంకుస్థాపన, పని కోసం హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, డ్యామ్ అయిపోయినా కాలనీలు అలాగే ఉన్నాయి, నందికొండ మున్సిపాలిటీ అయ్యేసరికి 2018. అక్కడ భూమి రాష్ట్ర ఇరిగేషన్ వాళ్ళది, కేంద్రానిది కాదు, కాబట్టి చట్టం వేరు, కానీ క్వార్టర్లో ముప్పై నలభై ఏళ్ళు ఉన్నవాళ్ళు "ఈ గోడ మాదా కాదా" అని అడిగే ప్రశ్న మాత్రం ఒకటే.

బౌల్డర్ సిటీలో బ్యూరో 1950 ప్రాంతంలో హెన్రీ రైనింగ్ అనే ప్రొఫెసర్‌తో స్టడీ చేయించింది, ఆయన ఊరిని సొంత పాలన వైపు తీసుకెళ్ళాలి అని రిపోర్ట్ ఇచ్చాడు. ఇక్కడ మనం ఊహించేదేంటి, ఊరివాళ్ళు ఎగిరి గంతేసి ఉంటారు అని. అదేమీ జరగలేదు, చాలామంది వద్దన్నారు. తక్కువ అద్దె, చవక కరెంటు, రిపేర్ వస్తే బ్యూరో మనిషి వచ్చి చూసి వెళ్తాడు, సిటీ అయితే పన్ను కట్టాలి, నీటి బిల్లు పెరుగుతుంది, పక్కనున్న లాస్ వేగాస్ నుంచి కాసినోలు వచ్చి కూర్చుంటాయి. ఈ భయాలు తప్పని నేను అనను. ఒక ఊరికి భూమి ఇస్తున్నాం అంటే దాంతోపాటు పైపులు పగిలితే మార్చే ఖర్చు కూడా ఇస్తున్నట్టే, ఆ మాట ఫెడరల్ వాళ్ళు ప్రెస్ నోట్‌లో రాయరు. నేను పని చేసిన ప్రతి ఊళ్ళోనూ ఈ రెండు గుంపులు ఉన్నాయి, భూమి కావాలనేవాళ్ళు కౌన్సిల్‌లో ఉంటారు, బిల్లు ఎవరు కడతారు అని అడిగేవాళ్ళు హాల్లో వెనక కుర్చీల్లో ఉంటారు, వెనక కుర్చీల వాళ్ళని ముందే కూర్చోబెట్టి మాట్లాడకపోతే చివర్లో ఫైల్ వాళ్ళ దగ్గరే ఆగుతుంది.

రిపోర్ట్ నుంచి చట్టానికి ఎనిమిదేళ్ళ చిల్లర పట్టింది. బౌల్డర్ సిటీ యాక్ట్ 1958 సెప్టెంబర్‌లో వచ్చింది, 1959లో ఊరివాళ్ళు చార్టర్‌కి, అంటే సిటీ పాలన నియమావళికి ఓటేశారు, 1960 జనవరి 4న సిటీ అధికారికంగా పుట్టింది. అప్పగించింది సుమారు 33 చదరపు మైళ్ళు. రోడ్లు, పార్కులు, నీళ్ళ లైన్లు, కరెంటు పంపిణీ ఊరి చేతికి వచ్చాయి. ఇళ్ళు మాత్రం ఊరికి ఇవ్వలేదు, విలువ కట్టి అందులో ఉంటున్నవాళ్ళకి మొదటి హక్కు ఇచ్చి అమ్మారు, లీజు నేల మీద సొంతంగా కట్టుకున్నవాళ్ళకి ఆ నేల కొనుక్కునే వీలు ఇచ్చారు. డ్యామ్‌కి, బ్యూరో ఆఫీసులకి కావాల్సినవి ఫెడరల్ గవర్నమెంట్ తన దగ్గరే ఉంచుకుంది.

ఈ పంపకం చాలా తెలివైనది అని నా అభిప్రాయం. ఇళ్ళు కూడా సిటీకే ఇచ్చి ఉంటే కొత్తగా పుట్టిన కౌన్సిల్ మొదటి రోజు నుంచే ఊరందరికీ ఇంటి ఓనర్ అయ్యేది, అద్దె పెంచితే ఓటు పోతుంది, పెంచకపోతే ఖజానా పోతుంది. ఇళ్ళు మనుషులకి, ఉమ్మడివి ఊరికి అని విడగొట్టడం వల్ల కౌన్సిల్ కౌన్సిల్ పని చేసుకోగలిగింది. క్వార్టర్స్ ఉన్న మన ప్రాజెక్టు కాలనీలకి, టౌన్‌షిప్‌లకి ఎప్పుడైనా ఇలాంటి అప్పగింత వస్తే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. ఊరు సముద్రమట్టానికి సుమారు 2,500 అడుగుల ఎత్తులో ఉంది, కింద లేక్ మీడ్ నిండా ఉన్నా 1,200 అడుగుల పైచిలుకు మాత్రమే, అంటే తాగే ప్రతి చుక్కనీ వెయ్యి అడుగులకు పైగా ఎత్తిపోయాలి. డ్యామ్ పక్కనే ఉన్న ఊరికి నీళ్ళ కొరత ఏంటి అనుకుంటారు చూడండి, అదే పొరపాటు. అప్పగించాక కూడా ఆ నీళ్ళ సరఫరా విషయంలో ఊరు బ్యూరోతో ఒప్పందాల మీద ఆధారపడే బతికింది. కరెంటుకి మాత్రం హూవర్ డ్యామ్ నుంచి వాటా ఉంది, సిటీనే సొంతంగా కరెంటు యుటిలిటీ నడుపుతుంది. ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ఫైల్ నా దగ్గరికి వస్తే నేను ముందు చూసేది మ్యాప్ కాదు, నీళ్ళ హక్కు కాగితం. ఎడారిలో నీళ్ళు లేని వెయ్యి ఎకరాల కన్నా నీళ్ళున్న పది ఎకరాలు నయం, ఇది కౌన్సిల్ వాళ్ళకి చెప్పడానికి ఒక్కోసారి మీటింగ్ మొత్తం పడుతుంది.

ఇక మ్యాప్. మన సర్వే నంబర్లు, సబ్ డివిజన్లు చూసిన కంటికి ఇక్కడి లీగల్ డిస్క్రిప్షన్ మొదట్లో అస్సలు ఎక్కదు. నేలనంతా ఆరు మైళ్ళ చదరాలుగా కోశారు, దాన్ని టౌన్‌షిప్ అంటారు, ఒక్కో టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. డీడ్‌లో "ఈశాన్య పావులో నైరుతి పావు" అన్నట్టు ఉంటుంది, ఇంగ్లీషులో అది వెనక నుంచి ముందుకి చదవాలి, చివర రాసింది పెద్ద ముక్క, ముందు రాసింది అందులో చిన్న ముక్క. సెక్షన్‌లో ఈశాన్య పావు అంటే 160 ఎకరాలు, అందులో నైరుతి పావు అంటే 40. ఆ రెండూ తారుమారు చేసి చదివితే పావు మైలు పైన అవతల ఎవరి గడ్డి మైదానంలోనో తేలతాం. అందుకే నేను స్క్రీన్ మీద జీఐఎస్ లేయర్ ఎంత నీట్‌గా ఉన్నా నమ్మను, పాత సర్వే ప్లాట్ ప్రింట్ తీసి, పెన్సిల్‌తో గీసి, మూలరాయి ఎక్కడ పాతారో ఫీల్డ్ నోట్స్‌లో చదివి, అప్పుడు సంతకం పెడతా. ఇత్తడి టోపీ పెట్టిన ఇనప గొట్టం, దాని మీద సెక్షన్ నంబర్లు, సర్వే చేసిన సంవత్సరం పంచ్ చేసి ఉంటాయి, ఎండకి రంగు పోయి నల్లబడి ఉంటుంది, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటే మన అదృష్టం, లేకపోతే ముళ్ళపొదలు కాలితో తోసుకుంటూ వెతుక్కోవాల్సిందే. ఆ టోపీ దొరికిన రోజు ఆ ఫైల్‌లో సగం పని అయిపోయినట్టే.

మళ్ళీ బౌల్డర్ సిటీకి వద్దాం, ఎందుకంటే ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం 1960 కాదు, 1995. ఊరికి దక్షిణాన ఎల్‌డొరాడో వ్యాలీ అని పెద్ద ఎడారి లోయ ఉంది, అందులో ఒక ఎండిపోయిన చెరువు, మిగతాదంతా పొదలు. 1958లోనే ఇంకో చట్టం చేశారు, ఆ లోయని నెవాడా రాష్ట్రపు కొలరాడో రివర్ కమిషన్ కొనుక్కోవచ్చు అని. దశాబ్దాల పాటు ఏమీ జరగలేదు. చివరికి 1995లో ఆ దారి పట్టుకుని సిటీ 1,07,000 ఎకరాల పైన కొనేసింది, ఫెడరల్ నుంచి రాష్ట్రం మీదుగా సిటీకి. దాంతో వైశాల్యంలో నెవాడాలోనే పెద్ద సిటీ అయిపోయింది, 208 చదరపు మైళ్ళు, జనాభా చూస్తే 2020 లెక్కల్లో 15 వేలు కూడా లేరు.

అంత భూమి 15 వేల మందికి ఎందుకు అని మీకు అనిపిస్తుంది, అప్పట్లో చాలామందికి అనిపించింది కూడా. అందులో దాదాపు 86 వేల ఎకరాల మీద ఎడారి తాబేలు కోసం కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ రాసి, లాస్ వేగాస్ కూడా ఉండే క్లార్క్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అమ్మారు. ఈ తాబేలుని 1990లో ఫెడరల్ గవర్నమెంట్ ప్రమాదంలో ఉన్న జీవిగా లిస్ట్ చేసింది, దాంతో లాస్ వేగాస్ లోయలో ఇళ్ళు కట్టాలన్నా తాబేలుకి ఇంకెక్కడో చోటు చూపించాల్సి వచ్చింది, ఆ చోటు బౌల్డర్ సిటీ దగ్గర ఉంది. ఈజ్‌మెంట్ అంటే నేల సిటీదే, కానీ అక్కడ ఏం చేయకూడదు అనే హక్కు కౌంటీది. అంటే పక్క ఊరి రియల్ ఎస్టేట్ బూమ్, ఈ ఊరి ఖాళీ నేలకి విలువ తెచ్చింది, ఒక్క ఇటుక పెట్టకుండా. ప్లానింగ్ క్లాసులో ఇలాంటివి చెప్పరు, చెప్పాలి.

మిగిలిన దాంట్లో కరెంటు. హూవర్ డ్యామ్ పుణ్యమా అని ఆ లోయలో పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్లు ముందే ఉన్నాయి, ఎండకి కరువు లేదు, నేల చదును. 2007లో నెవాడా సోలార్ వన్ వచ్చింది, 64 మెగావాట్లు, అద్దాలతో వేడి పట్టే రకం. 2010లో కాపర్ మౌంటెన్ సోలార్ మొదటి దశ, ఆ తర్వాత దశలు, పక్కన ఇంకో కంపెనీ ప్యానెళ్ళు, అలా పెరుగుతూ పోయాయి. సిటీ ఈ నేల అమ్మలేదు, లీజుకి ఇచ్చింది, అదీ కేస్ మొత్తానికి గుండెకాయ. లీజు డబ్బు సిటీ బడ్జెట్‌లో పెద్ద భాగం. ప్యానెళ్ళకి నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, స్కూళ్ళు అక్కర్లేదు, రోడ్డు వేసి పెట్టమని పోరు పెట్టరు. కొత్త ఇళ్ళ లేఅవుట్ వేసి ఉంటే పన్ను వచ్చేది నిజమే, దాని వెనకే మురుగు లైను, ఫైర్ స్టేషన్, క్లాస్‌రూమ్‌లు అన్నీ వచ్చేవి.

అమ్మకుండా ఎలా ఆగారు అనేది అందరూ అడిగే ప్రశ్న. కౌన్సిల్‌లో మంచివాళ్ళు ఉన్నారు కాబట్టి అని చెప్తే అది జవాబు కాదు, కౌన్సిల్ మారుతూ ఉంటుంది. ఊరివాళ్ళు రూల్ పెట్టుకున్నారు, సిటీ భూమి ఒక్క ఎకరం దాటి అమ్మాలంటే జనం ఓటేయాలి. అంతకు ముందే 1979లో ఇంకో రూల్ ఉంది, ఏడాదికి కొత్త ఇళ్ళు 120 దాటకూడదు, ఒక్క డెవలపర్‌కి 30 మించకూడదు. జూదం చార్టర్‌లోనే నిషేధం, మందు అమ్మకం 1969 దాకా లేదు. ఈ రూల్స్ వల్ల నష్టం లేదా అంటే ఉంది, ఇళ్ళు తక్కువ కాబట్టి రేట్లు ఎక్కువ, చిన్న జీతాల వాళ్ళు ఊళ్ళో పని చేసి బయట కాపురం ఉండాల్సి వస్తుంది. గేటు దగ్గర పర్మిట్ తీసేశాక కూడా ఇంటి ధర అదే పని చేస్తుంది అనేది నాకు ఈ ఊరి మీద ఉన్న పెద్ద కంప్లయింట్. ఒకవైపు వేల ఎకరాలు పెట్టుకుని, ఇంకోవైపు నర్సుకి, టీచర్‌కి ఇల్లు దొరకట్లేదు అంటే ఆ భూమి లెక్క ఇంకా పూర్తి కాలేదు అనే అర్థం.

దీని పక్కన యెరింగ్టన్ పెట్టి చూడాలి, అప్పుడే తేడా తెలుస్తుంది. అదే రాష్ట్రంలో ఉత్తరాన లయన్ కౌంటీలో మూడు వేల జనాభా ఊరు, ఒకప్పుడు రాగి గనితో బతికింది, అనకొండా కంపెనీ 1953 నుంచి 1978 దాకా తవ్వి వెళ్ళిపోయింది, వెనకాల నీళ్ళు నిండిన గొయ్యి, పాడైన భూగర్భ జలం మిగిలాయి. ఊరి పక్కనే పంప్‌కిన్ హాలో అని ఇంకో రాగి నిక్షేపం ఉంది, గని నేల ప్రైవేటుది, చుట్టూ ఉన్నదంతా బీఎల్ఎంది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఆ కౌంటీలో నిరుద్యోగం రాష్ట్రంలోకెల్లా దారుణంగా ఉండేది. దాంతో ఊరు, కంపెనీ కలిసి చట్టం కోసం తిరిగాయి, బిల్లు కొన్ని సార్లు ఆగిపోయి చివరికి 2014 డిసెంబర్‌లో రక్షణ శాఖ బడ్జెట్ చట్టంలో ఒక సెక్షన్‌గా దూరింది. అవును, మిలిటరీ బిల్లులో, ఇక్కడ భూమి చట్టాలు ఒంటరిగా పాస్ కావడం కష్టం, కదిలే బండి ఏది ఉంటే దాని మీదికి ఎక్కించేస్తారు.

చట్టంలో మామూలు ప్లానింగ్ నిబంధనలు పక్కన పెట్టి, సుమారు పది వేల ఎకరాలు మార్కెట్ విలువకి ఊరికి అమ్మమని రాశారు, విలువ ఫెడరల్ అప్రైజల్ పద్ధతిలో కట్టాలి, సర్వే ఖర్చులు కొనేవాళ్ళవే. 2015లోనే చేతులు మారింది. ఊరు కొన్నది, వెనక డబ్బు కంపెనీది, నేల ఎక్కువ భాగం కంపెనీకే వెళ్ళింది. బదులుగా ఊరికి గని సిటీ హద్దుల్లోకి వస్తుంది, పన్నులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అనే లెక్క. అదే చట్టంలో 47 వేల ఎకరాల పైన వొవోకా వైల్డర్‌నెస్ అని రక్షిత ప్రాంతం కూడా పెట్టారు, 1889 జనవరి 1న సూర్యగ్రహణం రోజు దర్శనం పొంది ఘోస్ట్ డ్యాన్స్ అనే ఆదివాసీ మత ఉద్యమానికి కారణమైన పైయూట్ తెగ పెద్దాయన పేరు అది. పర్యావరణం వాళ్ళకి ఒకటి, గని వాళ్ళకి ఒకటి, ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా ఓట్లు రావు.

గని 2019 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది, తర్వాత ఆగడం, మొదలవడం, మళ్ళీ ఆగడం, చివరికి 2024 జూన్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ఆస్తులు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. రాగి ఇంకా అక్కడే ఉంది, రేపు బాగా నడవొచ్చు, నడవాలనే నేను కోరుకుంటా, ఆ ఊరికి అది అవసరం. కానీ ప్లానర్‌గా నేను చూసేది ఇదీ: కంపెనీ కష్టాల్లో పడిన రోజు ఊరి చేతిలో ఏం ఉంది అని. బౌల్డర్ సిటీలో సోలార్ కంపెనీ మునిగితే నేల సిటీదే, ఇంకొకళ్ళకి లీజుకి ఇస్తారు. యెరింగ్టన్‌లో ఊరు కేవలం దారి ఇచ్చింది, నేల ఊరి గుండా వెళ్ళి అవతల తేలింది. చిన్న ఊళ్ళని నేను తప్పుపట్టను, పది వేల ఎకరాలు మార్కెట్ రేటుకి కొనే డబ్బు మూడు వేల మంది ఊరికి ఎక్కడిది. అయినా కనీసం కొంత భాగం లీజుగా ఉంచుకోవడమో, గని మూతపడితే నేల వెనక్కి కొనే హక్కు రాయించుకోవడమో అడగాల్సిన సందర్భం అది, ఇలాంటి డీల్ నా టేబుల్ మీదికి వస్తే నేను ఆ మాట ముందు రాస్తా.

అందరికీ చట్టం అక్కర్లేదు. చిన్న అవసరాలకి 1926 నాటి చట్టం ఒకటి ఉంది, రిక్రియేషన్ అండ్ పబ్లిక్ పర్పసెస్ యాక్ట్, దీన్ని మేం ఆర్ అండ్ పీపీ అంటాం. పార్కు, స్కూలు, ఫైర్ స్టేషన్, శ్మశానం లాంటివాటికి బీఎల్ఎం నేలని నామమాత్రపు రేటుకో, కొన్ని సందర్భాల్లో ఉచితంగానో సిటీకి ఇస్తుంది. ఫ్రీగా ఇస్తారంట అని జూనియర్లు వినేది దీని గురించే. మామూలుగా ముందు లీజు ఇస్తారు, చెప్పినట్టు కట్టి చూపించాక అప్పుడు పేటెంట్, అంటే మన భాషలో పట్టా. ఖనిజాలు ఫెడరల్‌వే, పైన నేల మాత్రమే మనది. ఇంకో మెలిక, చెప్పిన పనికి కాకుండా వేరేదానికి వాడితే నేల తిరిగి ఫెడరల్‌కి పోతుంది, ఈ క్లాజు పేటెంట్ కాగితంలోనే ఉంటుంది.

ఆ క్లాజు పట్ల ఎవరికీ భయం ఉండదు, అప్పు కోసం వెళ్ళేదాకా. నేను పని చేసిన ఒక చిన్న ఊళ్ళో ఇలా తీసుకున్న పార్కు నేల మీద కమ్యూనిటీ హాల్ కట్టాలనుకున్నారు, డిజైన్ అయ్యింది, జనం కూడా సంతోషంగా ఉన్నారు, లోన్ ఇచ్చేవాళ్ళ లాయర్ పేటెంట్ చదివి, నేల ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు అంటే మా అప్పుకి దిక్కేది అని పెన్ను కింద పెట్టేశాడు. ఆయన అడిగింది న్యాయమే. చివరికి తాకట్టు లేకుండా సిటీ ఆదాయం మీద తీర్చే బాండ్లతో కట్టుకున్నారు, కట్టడం ఆలస్యమైంది. అదే హాల్ ముందు గదిలో ప్రైవేట్ కాఫీ షాప్ పెట్టి అద్దె తీసుకుందాం అన్న ఐడియా కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది, ముందు బీఎల్ఎం ఒప్పుకోవాలి కాబట్టి. అప్లికేషన్‌లో వాడకం గురించి రాసే ఒక్క పేరా మీద నేను మిగతా కాగితాలన్నిటి కన్నా ఎక్కువ టైం పెడతా, ఇవాళ కట్టేది మాత్రమే కాకుండా ఇరవై ఏళ్ళ తర్వాత కట్టబోయేది కూడా ఆ మాటల్లో పట్టాలి.

గడ్డి మేపుకునేవాళ్ళ సంగతి కూడా మర్చిపోతారు. ఖాళీ నేల అనుకుంటాం, చూస్తే దాని మీద ఒక పశువుల కాపరి కుటుంబానికి గ్రేజింగ్ పర్మిట్ ఉంటుంది, అలాంటి నేల వేరేదానికి మళ్ళించాలంటే రెండేళ్ళ ముందు నోటీసు ఇవ్వాలని 1976 చట్టంలో ఉంది, వాళ్ళంతట వాళ్ళు వదులుకుంటే తప్ప. పాత గని క్లెయిములు, పైప్‌లైన్ దారులు, కరెంటు లైన్ల దారులు అన్నీ అలాగే కొనసాగుతాయి, నేలతో పాటే వస్తాయి. ఆ ప్రాంతపు ఆదివాసీ తెగలతో సంప్రదింపులు, పురావస్తు సర్వే ఇవన్నీ ఉంటాయి, వీటిని అడ్డంకులు అని విసుక్కునే కౌన్సిల్ మెంబర్లు ఉంటారు, నాకు మాత్రం ఆ మీటింగుల్లో నేర్చుకున్నది ఎక్కువ, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ గుట్ట మీద ఎవరి సమాధులున్నాయో సర్వే షీట్‌లో ఉండదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే 2025లో అమెరికాలో ఈ గొడవ మళ్ళీ పెద్దదైంది. బడ్జెట్ బిల్లులో నెవాడా, యూటా రాష్ట్రాల్లో లక్షల ఎకరాల ఫెడరల్ నేల అమ్మకానికి పెట్టాలని హౌస్‌లో, అంటే కాంగ్రెస్ దిగువ సభలో ఒక సవరణ వచ్చింది, తీసేశారు, తర్వాత సెనేట్‌లో ఇంకా పెద్ద ప్రతిపాదన వచ్చింది, పశ్చిమ రాష్ట్రాల వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పర్యావరణం వాళ్ళు, రెండు పార్టీల వాళ్ళు కూడా అడ్డం తిరిగితే అదీ తీసేశారు. కారణం ఇళ్ళ కొరత అని చెప్పారు. ఇళ్ళ కొరత నిజమే, కానీ దానికి వేరే దారి ఇప్పటికే ఉంది, లాస్ వేగాస్ లోయకి 1998లో చేసిన చట్టం ప్రకారం అందుబాటు ధర ఇళ్ళ కోసం నేలని తక్కువ రేటుకి లోకల్ గవర్నమెంట్లకి ఇవ్వొచ్చు, 2024లో క్లార్క్ కౌంటీకి 20 ఎకరాలు ఎకరం 100 డాలర్ల చొప్పున ఇచ్చారు, 210 ఇళ్ళ కోసం. వేలంలో ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకి అమ్మడానికి, ఒక ఊరికి ఒక పని కోసం షరతులతో ఇవ్వడానికి మధ్య భూమ్యాకాశాల తేడా ఉంది, చర్చలో ఆ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మా దగ్గరికి వచ్చే ఊళ్ళకి నేను ఇచ్చే మొదటి హోంవర్క్ ఒక్కటే, అడుగుతున్న నేలలో ఏది ఎప్పటికీ అమ్మరో ముందు మ్యాప్ మీద రంగేసి తీసుకురండి అని. ఆ రంగు వేయలేని ఊరికి అప్లికేషన్ రాయడం మొదలుపెట్టను. రెండోది, ఆ నేలకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎత్తిపోయడానికి నెలకి కరెంటు బిల్లు ఎంత, కట్టేది ఎవరు, ఈ మూడు జవాబులు ఒక పేజీలో రాసి మీద సిటీ ఇంజినీర్ సంతకం ఉండాలి. ఆ పేజీ వచ్చాకే సర్వే వాళ్ళకి ఫోన్ చేస్తా.